చెయ్యి తగలకూడదు

అమ్మకు వీడియో కాల్‌లో మొదటిసారి నా బైల్ చూపించినప్పుడు, "ఏందే అది, గొడ్డలా?" అంది. గొడ్డలి కాదమ్మా, ఐసు గోడ ఎక్కడానికి వాడేది అని చెప్పి, మొన చూపించి, వంకర పిడి చూపించి, పది నిమిషాలు వివరించాను. అంతా ఓపిగ్గా విని, "అదే బిడ్డా, గొడ్డలే గద" అని తేల్చేసింది. కొరియా పర్వతారోహకులు వాడే ఈ "బైల్" అనే మాట జర్మన్ నుంచి వచ్చిందని, అక్కడ దానర్థం గొడ్డలేనని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. హన్మకొండలో కూర్చుని అమ్మ చెప్పిందే కరెక్టు.

నేనుండేది దక్షిణ కొరియాలో, డేజాన్‌లో. ఒక ల్యాబులో పోస్ట్‌డాక్. 2024 ఫిబ్రవరిలో అక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న ఐస్ క్లైంబింగ్ పోటీలో పాల్గొన్నాను. కొత్తవాళ్ల విభాగంలో ఇరవై రెండు మందిమి. నాది పంతొమ్మిదో స్థానం. గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. కానీ ఆ పంతొమ్మిదో స్థానానికి పద్నాలుగు నెలలు పట్టింది, గోడ మీద ఉన్నది మాత్రం మూడు నిమిషాలు కూడా లేదు. ఆ లెక్క ఎవరికైనా చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

డిగ్రీలో ఉండగా భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ కోర్సు చేశాను. మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన తర్వాత మా దగ్గర చాలామందికి ఆ గుట్ట మీదికి మనసు పోయింది, ఆమె శిక్షణ తీసుకున్నది అక్కడే కదా. ఎండకు కాలిన ఆ నల్లరాయి నాకు నేర్పింది ఒక్కటే, వేళ్లతో చదవడం. కంటికి నున్నగా కనిపించే చోట కూడా వేలికొసకు ఏదో ఒక గరుకు దొరుకుతుంది. దొరికిందంటే ధైర్యం వస్తుంది. కొరియా వచ్చిన మొదటి చలికాలం ల్యాబులో ఒకతను "రాళ్లెక్కావు కదా, ఐసు కూడా ఎక్కుతావా" అని అడిగితే, ఆ వేళ్ల ధైర్యంతోనే సరే అన్నాను. ఆ వేళ్లే నా కొంప ముంచుతాయని అప్పుడు తెలీదు.

డేజాన్ నుంచి గంటలోపు ప్రయాణంలో యోంగ్‌డోంగ్ ఉంది. అక్కడ ఏటి ఒడ్డున నిటారుగా ఒక కొండచరియ. చలికాలంలో పంపులతో నీళ్లు పైకెక్కించి దాని మీదికి వదులుతారు. రాత్రుళ్లు గడ్డకట్టి గడ్డకట్టి జనవరికల్లా చరియంతా తెల్లటి గోడవుతుంది. చలి చాలని ఏడాది గోడ కట్టదు, ఆ ఏడాది తెరవరు. మేం పోయినప్పుడు బాగానే కట్టింది.

నాకు నేర్పినావిడకు యాభై ఎనిమిదేళ్లు. పగలు చిన్న కిమ్‌బాప్ కొట్టు నడుపుతుంది. అందరూ ఆమెను సన్‌సేంగ్‌నిమ్ అంటారు, టీచరుగారు అన్నమాట. నన్ను ఆమె "పక్సా" అని పిలిచేది. డాక్టరేటు చేసినవాళ్లను అక్కడ అలా అంటారు. మర్యాదగా పిలవాలంటే చివర "నిమ్" చేర్చాలి. నేను తప్పు చేసిన ప్రతిసారీ ఆమె నిమ్ చేర్చేది. మొదటి నెలంతా నేను పక్సానిమ్‌నే.

మొదటి రోజు ఐసును కట్టెలు కొట్టినట్టు కొట్టాను. భోజనం పళ్లెమంత ముక్క ఊడి, నా హెల్మెట్ అంచుకు తగిలి కిందికి పోయింది. కింద ఉన్నవాళ్లు "నక్బింగ్!" అని అరిచి పక్కకు దూకారు. ఐసు పడుతోంది, తప్పుకోండి అని ఆ అరుపుకు అర్థం. నిజానికి ఊడగొట్టినవాళ్లే ముందు అరవాలట. దిగొచ్చాక సన్‌సేంగ్‌నిమ్ చాలా మర్యాదగా చెప్పింది, "పక్సానిమ్, ఐసు మీకేం అపకారం చేసింది?"

అప్పుడు చూపించింది. ఐసు ఉబ్బెత్తుగా ఉన్నచోట కొడితే పగులుతుంది, గుంటగా ఉన్నచోట కొడితే దిగుతుంది. భుజం బలం అక్కర్లేదు. చేతికంటిన నీళ్లు విదిలిస్తామే, చివర్లో మణికట్టుతో అంత విదిలింపు చాలు. సరిగ్గా దిగితే "థప్" అని మూసుకుపోయిన శబ్దం వస్తుంది. దిగకపోతే పింగాణీ గిన్నె మోగినట్టు మోగుతుంది. ఇక కాళ్లు. బూటు అడుగున క్రాంపాన్ అనే ఇనుప పళ్ల చట్రం బిగిస్తాం. దాని పళ్లు ముందుకు పొడుచుకుని ఉంటాయి, వాటి మీదే బరువంతా. మడమ కొంచెం పైకి లేచినా పళ్లు ఊడొస్తాయి. రాయి మీద మడమ లేపి మునివేళ్ల మీద నిలబడే అలవాటు నాది. ఆ ఒక్క రోజులో పద్నాలుగుసార్లు తాడుకు వేలాడాను. లెక్కపెట్టింది నేను కాదు, ల్యాబు స్నేహితుడు.

చేతుల నొప్పి గురించి ఎవరూ ముందు చెప్పలేదు. చేతులు తలపైకెత్తి, పిడి బిగించి పట్టుకుని ఉంటే వేళ్లలోంచి నెత్తురు దిగిపోయి మొద్దుబారతాయి. అప్పుడేం తెలీదు. కిందికి దిగి చేతులు వేలాడేశాక నెత్తురు తిరిగి వేళ్లలోకి వస్తుంది చూడండి, ఆ రెండు నిమిషాలు గోళ్ల కింద ఎవరో దబ్బనంతో పొడుస్తున్నట్టే. వాంతి కూడా వచ్చేలా ఉంటుంది. ఐసు మీద మోకాళ్లేసుకుని "అమ్మా, అమ్మా" అంటూ కూర్చున్నాను. పక్కనే ఇంకో కొత్త కుర్రాడు అదే బాధతో "ఒమ్మా, ఒమ్మా" అంటున్నాడు. కొరియన్లో అమ్మను ఒమ్మా అనే అంటారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుపులోనే నవ్వాం.

ఫిబ్రవరి చివరికి గోడ కారడం మొదలుపెట్టింది. ఇక వచ్చే ఏడాదేనా అంటే, సన్‌సేంగ్‌నిమ్ "అసలు పని ఇప్పుడు మొదలు" అంది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఐస్ క్లైంబింగ్ పోటీ అనగానే గడ్డకట్టిన జలపాతం, దాన్ని పొడుచుకుంటూ ఎక్కే మనుషులు కళ్ల ముందుకొస్తారు. నాకూ వచ్చారు. తీరా చూస్తే పోటీలో ఐసు చాలా తక్కువ. లీడ్ అని ప్రధాన విభాగం ఉంది. ఒక్కసారే అవకాశం, ఎంత పైకి పోతే అంత. దాని గోడ ప్లైవుడ్‌ది. దాని మీద బిగించిన పట్టులుంటాయి, కప్పులాగా తల మీదికి వంగిన భాగాలుంటాయి, గొలుసులకు వేలాడే దుంగలుంటాయి. ఎక్కడో ఒకచోట శాస్త్రానికి ఒక ఐసు దిమ్మె. ఐసు ఎక్కేకొద్దీ చిట్లుతుంది, కరుగుతుంది. మొదట ఎక్కినవాడికి ఉన్న గోడ ఇరవయ్యోవాడికి ఉండదు, మరి పోటీ న్యాయంగా ఎలా జరుగుతుంది? చెక్కా రాయీ అయితే అందరికీ ఒకటే. ఆ కారణం న్యాయమైనదే అయినా, ఐసు మీద మనసుపడి వచ్చినదాన్ని కదా, చాలా రోజులు మోసపోయినట్టే అనిపించింది.

ఆ ఎండాకాలమంతా ఒక బేస్‌మెంట్ జిమ్‌లో గడిచింది. బయట ఉక్క. లోపల మేం పదిమందిమి, అడుగున క్రాంపాన్లు బిగించిన బూట్లు వేసుకుని, చెమటలు కారుతూ, ఐసు గొడ్డళ్లతో ప్లైవుడ్‌కు వేలాడుతూ. దీన్ని డ్రై టూలింగ్ అంటారు. ఇక్కడ కొట్టడమే ఉండదు. మొనను పట్టు అంచున ఆనించి, బరువు నిట్టనిలువుగా కిందికి వెయ్యాలి. అంతే. అంచు కొన్ని మిల్లీమీటర్లే ఉండచ్చు, అయినా లాగుడు సరిగ్గా కిందికే ఉన్నంతసేపు అది కదలదు. పిడి కాస్త మనవైపు లాగామా, పక్కకు ఒరిగామా, జారింది. జారిన మొన ఎక్కడికో పోదు, సూటిగా మన మొహం మీదికే వస్తుంది. మా జిమ్‌లో కనుబొమ్మ మీద గీత లేనివాళ్లు తక్కువ. నాది ఎడమవైపు ఉంది.

కష్టం పట్టుకోవడంలో లేదు. పట్టుకున్నాక కదలడంలో ఉంది. మనం పైకి పోయేకొద్దీ పిడి మన ఛాతీ దగ్గరికి, ఆ తర్వాత నడుం దగ్గరికి వస్తుంది. చెయ్యి కోణం మారుతుంది, మొన కోణం మాత్రం మారకూడదు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేవాళ్ల మెడ చూశారా, కిందంతా కదులుతున్నా అది కదలదు. ఇక్కడ ఆ మెడ పని మణికట్టు చెయ్యాలి.

ఇంకో సంగతి, మొన ఎక్కడ ఆనిందో మనకు కనిపించదు. అది తలకు మూరెడు పైన, పట్టు వెనకాల ఎక్కడో ఉంటుంది. రాయి మీదైతే వేలు పెట్టి తడిమి తెలుసుకునేదాన్ని. ఇక్కడ తడమాల్సింది ఇనుముతో. సన్‌సేంగ్‌నిమ్ ఒకరోజు నా మెడకున్న ఉన్ని గుడ్డ పైకి లాగి కళ్లకు కట్టి, ఎదురుగా అయిదు పట్టులు పెట్టి, మొనతో గీకమంది. శబ్దం విని ఏది లోతో, ఏది జారుడో చెప్పాలి. లోతున్నదాంట్లో మొన పడితే "టక్" అని ఆగుతుంది, పిడిలోంచి చిన్న దెబ్బ అరచేతిదాకా వస్తుంది. జారుడుదైతే "స్ర్‌ర్" అని పొడుగ్గా సాగుతుంది. మొదటి వారం అయిదింటికి రెండు చెప్పాను. ఆగస్టుకి నాలుగు వచ్చాయి. కానీ కళ్లగంత తీసి నిజంగా ఎక్కేటప్పుడు, కాస్త భయమేస్తే చాలు, బైల్ వదిలేసి చెయ్యి పట్టు మీదికి పోయేది. ఈ ఆటలో పట్టుకు బైల్ మొనే తగలాలి, చెయ్యి తగలకూడదు. "చెయ్యి!" అని కింద నుంచి కేక. కొన్నాళ్లకు ఆ కేక కలలో కూడా వినిపించింది.

ఫిగర్ ఫోర్ ఒక్కటి మాత్రం నాకు తొందరగా వచ్చింది. కప్పు కింద వేలాడేటప్పుడు కాళ్లకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు కుడిచేత్తో బైల్ పట్టుకుని, ఎడమకాలు ఎత్తి ఆ కుడిచేతి మీదుగా వేసి, మోకాలి మడత మణికట్టు దగ్గర పెట్టి కూర్చుంటాం. మన చేతి మీద మనమే కూర్చోవడం. అలా కూర్చుంటే ఊగడం ఆగి, ఖాళీగా ఉన్న చెయ్యి ఇంకో మూరెడు పైకి అందుతుంది. అదే వైపు కాలు వేస్తే ఫిగర్ నైన్. చూసేవాళ్లకు సర్కస్. కుర్చీల మీద పెరిగిన కుర్రాళ్ల తుంటి తెరుచుకోవడానికి నెలలు పట్టింది. నేను గొంతుక్కూర్చుని బియ్యం ఏరిన ఇంట్లోంచి వచ్చినదాన్ని, రెండో ప్రయత్నంలోనే కాలు పడింది. ఆ రోజు సన్‌సేంగ్‌నిమ్ నిమ్ లేకుండా పిలిచింది.

పోటీకి పేరు ఇవ్వమని ఆమె అన్నప్పుడు, ముందు పెద్ద పోటీ ఎలా ఉంటుందో చూస్తాను అన్నాను. చూడటానికి చంగ్‌సోంగ్ కంటే మంచిచోటు ఏముంది!

ఈ ఆటను నడిపేది యూఐఏఏ, అంటే 1932లో ఫ్రాన్స్‌లోని షామొనీలో పుట్టిన అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య. 2002 నుంచి ప్రపంచకప్ వాళ్ల చేతిలో ఉంది. స్విట్జర్లాండ్‌లో సాస్‌ఫే, ఒకప్పుడు ఇటలీలో రాబెన్‌స్టైన్, ఇలా చలి ఊళ్లు తిరుగుతుంది. కొరియాలో అది ఆగే ఊరు చంగ్‌సోంగ్. 2011 నుంచి, కోవిడ్ రోజులు తప్ప, దాదాపు ప్రతి జనవరిలోనూ అక్కడ పోటీ ఉంటోంది. ఒలింపిక్స్‌లో ఉందా అని అందరూ అడిగేదే. 2014లో సోచీలో ప్రదర్శనగా చూపించారు, పతకాల పోటీ మాత్రం ఇంకా కాలేదు. ఒలింపిక్స్‌లో లేదు అనగానే అవతలివాళ్ల మొహంలో కుతూహలం సగానికి పడిపోవడం నాకు అలవాటైపోయింది.

చంగ్‌సోంగ్ ఆపిల్ తోటల ఊరు. పోటీ జరిగే లోయను ఓరుమ్‌గోల్ అంటారు, ఐసు లోయ అని. ఎండాకాలంలో కూడా అక్కడ రాళ్ల సందుల్లో ఐసు కడుతుందని పేరు. కొండ మీంచి 62 మీటర్ల కృత్రిమ జలపాతం, చలికాలం అది గడ్డకట్టి ఉంటుంది. దాని దగ్గర్లో ఇనుప చట్రాలతో కట్టిన పెద్ద గోడ. సంక్రాంతి ముందు శని, ఆదివారాలు. ఊళ్లో ఉంటే పిండి వంటల దగ్గర ఉండేదాన్ని. అమ్మ పంపిన సకినాలు డబ్బాలో పెట్టుకుని పోయాను. బట్టీ మీద కాల్చిన గెనుసుగడ్డలు అమ్ముతున్నారు, చేతులు వేడి చేసుకోవడానికీ తినడానికీ అదే. సన్‌సేంగ్‌నిమ్‌కు ఒక సకినం ఇచ్చాను. చుట్లు చుట్లుగా ఉన్నదాన్ని తిప్పి తిప్పి చూసి, మధ్యలో చిటికెన వేలు పెట్టి మెల్లగా లాగింది. పటుక్కున విరిగింది. "పట్టు పెళుసు" అని తీర్పిచ్చి, ముక్కలు ఒళ్లో పడుతుంటే "నక్బింగ్" అంది.

స్పీడ్ విభాగం గురించి పెద్దగా చెప్పను, నా మనసు దాని మీద లేదు. పదిహేను మీటర్ల నిజమైన ఐసు గోడ, ఎవరు ముందు పైకి పోతే వాళ్లే. మామూలు బైల్‌లు కూడా వాడరు, కొడవలి కొసలాంటి పొట్టి కొక్కేలు చేతులకు తగిలించుకుంటారు. కొట్టడం, తన్నడం, పరుగు. మేటి మగవాళ్లకు కొద్ది సెకన్ల పని. ఒకప్పుడు రష్యావాళ్ల రాజ్యమట. 2022లో వాళ్లు రావడం ఆగింది, నేను చూసేనాటికి ఇరాన్, మంగోలియా పేర్లు వినిపిస్తున్నాయి. మంచు దేశాల ఆట అనుకుంటాం కానీ, ఇరాన్ పేరు పిలిచినప్పుడల్లా నాకు ఎందుకో మనవాళ్లెవరో ఎక్కుతున్నట్టే ఉండేది.

నన్ను పట్టి నిలబెట్టింది లీడ్. కొరియా అభిమానులకు అది ఇంటి ఆట. పార్క్ హీయోంగ్, షిన్ ఊన్‌సన్, సోంగ్ హన్నారే లాంటి పేర్లు పక్కన కూర్చున్న తాతలు కూడా క్రికెటర్ల పేర్లు చెప్పినట్టు చెబుతారు. పోటీకి ముందు క్రీడాకారులంతా గోడ ముందుకొచ్చి కొద్ది నిమిషాలు చూసి పోవాలి. కొందరు బైనాక్యులర్లతో చూస్తున్నారు. చూస్తూ రెండు చేతులూ గాల్లో ఆడిస్తున్నారు. ఇక్కడ కుడిచెయ్యి, ఇక్కడ ఎడమ, ఇక్కడ కాలు వేసి కూర్చోవాలి అని. పాట లేని కోలాటంలా ఉంది. తర్వాత అందర్నీ ఒక గదిలోకి పంపేస్తారు. ముందువాళ్లు ఎలా ఎక్కారో తర్వాతివాళ్లకు తెలియకూడదు. ఒక్కొక్కరినే పిలుస్తారు.

ఒక విదేశీ అమ్మాయి, ఎవరో చెప్పను, మొదట్లోనే మొన జారి పడింది. ఎక్కి నిమిషం కూడా కాలేదు. తాడుకు వేలాడుతూ కాసేపు ఆ పట్టు వైపే చూసింది. ఎన్ని గంటలు విమానంలో వచ్చిందో. చుట్టూ జనం "క్వెన్‌ఛనా" అని అరుస్తున్నారు, పర్లేదు పర్లేదు అని. నేను కూడా అరిచాను. సన్‌సేంగ్‌నిమ్ మాత్రం అరవలేదు. "విన్నావా? టక్ రాకముందే బరువేసింది" అంది. అంత గోలలో ఆమెకు ఆ శబ్దం ఎలా వినిపించిందో నాకు ఇప్పటికీ అనుమానమే.

తిరిగొచ్చిన వారానికే నా పోటీకి దరఖాస్తు నింపాను. పేరు రాయడానికి అయిదు గళ్లున్నాయి. అక్కడివాళ్ల పేర్లకు మూడు చాలు. ఇంటిపేరుతో కలిపి కొరియా లిపిలో నా పేరుకి పదకొండు కావాలి. గళ్ల బయటికి రాసుకుంటూ పోయి, మార్జిన్లో ముగించాను. పోటీ రోజు మైకు పట్టుకున్నాయన రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి "ఇండియా నుంచి పక్సానిమ్!" అన్నాడు. ఎవరు చెప్పారో నాకు తెలుసు.

ముందు సామాను తనిఖీ. బైల్ ఫలానా కొలత దాటకూడదు, ఒక చట్రంలో పెట్టి చూశారు. పిడికి మణికట్టు పట్టీ ఉండకూడదు. ఒకప్పుడు ఆ పట్టీలు ఉండేవట, బూటు మడమకు ముల్లు కూడా ఉండేదట, దాన్ని తగిలించి హాయిగా తలకిందులుగా వేలాడి విశ్రాంతి తీసుకునేవాళ్లట. ప్రపంచకప్‌లో రెండూ నిషేధించారు, చిన్న పోటీలూ అదే దారి. నా బైల్‌లు పాతవి, మూడు చేతులు మారి నాకొచ్చాయి. పిడికి చుట్టిన టేపు మాత్రం కొత్తది. తనిఖీ చేసినాయన మొన మీద బొటనవేలు రాసి, "పదునెక్కువ పెట్టారు" అన్నాడు. అది తప్పా అంటే తప్పేం కాదు, మీ ఇష్టం అన్నాడు. ఆ మాట గదిలో కూర్చున్నంతసేపూ నన్ను తొలిచేసింది.

ఆ గది! పద్నాలుగు నెలల్లో ఎవరూ సిద్ధం చేయనిది దానికే. ఫోను ఒక కవర్లో వేసి, మీద నంబరు రాసి తీసుకున్నారు. రెండు హీటర్లుంటే ఒకటే పనిచేస్తోంది. మధ్యలో వరుస రెండుసార్లు మార్చారు. తొమ్మిదోదాన్ని అనుకున్నాను, పద్నాలుగైంది, తర్వాత పదిహేడు. వార్మప్ చేస్తే నా వంతు వచ్చేసరికి చల్లారిపోతాను, చెయ్యకపోతే పిలిచినప్పుడు బిగుసుకుపోయి ఉంటాను. బయట నుంచి అప్పుడప్పుడు జనం "ఆఁ..." అని ఒక్కసారిగా నిట్టూర్చడం వినిపించేది. ఎవరో పడ్డారు. ఎక్కడ పడ్డారు? తెలీదు. నిట్టూర్పు తొందరగా వచ్చిందంటే కింద, ఆలస్యంగా వచ్చిందంటే పైన. గదిలో అందరం పైకి ఏమీ అనకుండా ఆ నిట్టూర్పులే లెక్కపెడుతున్నాం. మా లెక్క ప్రకారం చాలామంది ఇంచుమించు ఒకేచోట పడుతున్నారు.

దారి చూడటానికి ఇచ్చిన ఆరు నిమిషాల్లో నేనూ గాల్లో చేతులాడించాను. మొదటి ఆరు పట్టులు సులువు. ఏడోది పసుపు రంగుది, లావుగా, పైభాగం గుండ్రంగా. మొన ఎక్కడ పెట్టాలో కింద నుంచి కనబడలేదు. పక్కమ్మాయిని అడిగాను. "వెనకాల ఎక్కడో గాడి ఉంటుంది" అంది. ఆమెకూ కనబడలేదు.

నా నంబరు పిలిచారు. ఎండ ఉంది, అయినా మైనస్ నాలుగు. బూటు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు నేలకు తన్ని చూసుకున్నాను. "ఛుల్బాల్" అన్నాను, బయల్దేరుతున్నా అని. తాడు పట్టుకున్నాయన అదే మాట తిరిగి అన్నాడు.

మొదటి ఆరు నిజంగానే సులువు. మూడో పట్టు దగ్గర మొన "టక్" అన్నది నాకు స్పష్టంగా వినిపించింది. ఆ ఒక్క శబ్దం కోసమే ఎండాకాలమంతా కళ్లకు గంత కట్టుకున్నాను. అయిదో పట్టు దగ్గర గోడ తల మీదికి వంగింది, కాలు వేసి ఫిగర్ ఫోర్ కూర్చున్నాను, కింద ఎవరో చప్పట్లు కొట్టారు. అంతా బాగుంది. ఏడోదానికి చెయ్యి చాచి మొనను పసుపు పట్టు వెనక్కి పంపాను. "స్ర్‌ర్." జారుడు. ఇంకొంచెం ఎడమకు. "స్ర్‌ర్." పట్టుకున్న చెయ్యి వణకడం మొదలైంది. మొన పదును తగ్గించి ఉండాల్సిందేమో. సమయం ఎంతయిందో. గాడి కుడివైపు ఉందేమో. ఇన్ని ఆలోచనలు వచ్చినందుకే తెలిసిపోవాలి నాకు. మూడోసారి మొన ఆనింది, టక్ రాలేదు, బరువు వేసేశాను. ఊడింది.

పడలేదు. అదే నా పొరపాటు. పడిపోయినా సరిపోయేది. ఎడమచెయ్యి బైల్ పిడి మీంచి లేచి, నన్ను అడక్కుండా పసుపు పట్టు పైభాగం పట్టుకుంది. గట్టిగా, హాయిగా, నాలుగు వేళ్లతో. ఒక్క క్షణం, భువనగిరి రాయి దొరికినంత నిశ్చింత. బైల్ కిందపడి మోగింది. ఈల వినిపించింది. కింద నుంచి సన్‌సేంగ్‌నిమ్ కేకేమీ రాలేదు, అదే విచిత్రం.

ఏడు పట్టులు ముట్టుకున్నాను, ఆరే లెక్కలోకొచ్చాయి. ఆ పసుపుదాని దగ్గరే పదకొండు మంది పోయారట, కాకపోతే వాళ్లు గౌరవంగా పడిపోయారు. దిగాక ఆమె నా మెడకు శాలువా చుట్టి, "ఆకలేస్తోందా పక్సా?" అంది. నిమ్ లేదు.

సాయంత్రం గోడ విప్పడానికి చేతులు తక్కువయ్యాయని నన్నూ రమ్మన్నారు. నిచ్చెన మీద ఉన్న కుర్రాడు బోల్టులు విప్పి ఒక్కో పట్టూ కిందికి అందిస్తుంటే నేను ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దుతున్నాను. పసుపుది వచ్చింది. గ్లౌజు తీసి చేత్తో పట్టుకున్నాను. వేళ్లు రెండో కణుపుదాకా హాయిగా కూర్చున్నాయి. చిన్నపిల్లలైనా దీనికి వేలాడచ్చు.

తిప్పి వెనక చూశాను. గాడి కుడివైపు ఉంది, నా చిటికెన గోరంత. దాని అంచు తెల్లగా అరిగింది, దాటిపోయినవాళ్ల మొనలన్నీ అక్కడే ఆనాయి. దానికి బొటనవేలంత దూరంలో, ఎడమపక్కన, పడినవాళ్ల గీతలు కుప్పగా. అందులో రెండు సన్నగా, లోతుగా, పక్కపక్కనే. అంత పదును పెట్టింది నేనొక్కదాన్నే.

"అయిందా?" అన్నాడు నిచ్చెన మీది కుర్రాడు. పెట్టెలో వేసి, ఎనిమిదోదాని కోసం చెయ్యి చాచాను.